పానశాలలో గానశాల

పానశాల, గానశాల. ఈ రెండు మాటలకూ తేడా ఒక్క హల్లు మాత్రమే. ఆ ఒక్క హల్లును మార్చడం ఎంత పనో ఈ ఏడాదిలో నాకు బాగా తెలిసివచ్చింది.

తెలుగు పండితుడుగా ముప్పై ఏళ్ళకు పైగా ఛందస్సూ, వ్యాకరణమూ చెప్పుకు బతికినవాడు బారు గురించి టపా రాయడమేమిటని మిత్రులు నొసలు ముడివేయవచ్చు. ముందే మనవి చేసుకుంటున్నాను. నేను తాగను. తాగేవాళ్ళకు నీతులు చెప్పే ఓపిక కూడా ఇప్పుడు లేదు. కానీ పటాన్‌చెరులో ఒక బారు మేడమీది గదిని, నలుగురూ కూర్చుని పాటలు వినే గదిగా మార్చాలని నా పాత శిష్యుడొకడు పూనుకున్నాడు. ఆ పనిలో చేదోడుగా ఉండమని నన్నడిగాడు. ఉన్నాను. గది గురించి, చెవి గురించి, చిత్రంగా మన అక్షరమాల గురించి కూడా ఈ పనిలో కొన్ని సంగతులు తెలిశాయి. అవి మీతో పంచుకుందామనే ఈ టపా.

మా ప్రాంతం సంగతి తెలియనివారికి రెండు మాటలు. హైదరాబాదు నుంచి ముంబయి వెళ్ళే రహదారి మీద రామచంద్రాపురం దాటితే పటాన్‌చెరు, తరవాత ఇస్నాపూర్, ఆ పైన సంగారెడ్డి. 1960లలో రామచంద్రాపురంలో భెల్ వచ్చింది. 1972లో పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ వచ్చింది. ఆ చుట్టుపక్కల పాశమైలారం, బొల్లారం దాకా వరసగా కార్ఖానాలు లేచాయి. మేము పాఠాలు చెప్పిన పిల్లల్లో సగంమంది పదో తరగతి గట్టెక్కగానే ఆ గేట్లలోకి వెళ్ళిపోయేవారు. నా శిష్యుడూ అలాగే వెళ్ళాడు. ఇనుప రేకుల్ని అచ్చులో పెట్టి కొట్టే ప్రెస్ షాపులో ఇరవైరెండేళ్ళు పనిచేశాడు. ఆ కార్ఖానా పేరు ఇక్కడ అనవసరం. ఆ రోజుల్లో చెవుల్లో దూది పెట్టుకోవడమే మహా జాగ్రత్త అనుకునేవారు.

బడిలో వాడి గొంతు బాగుండేది. పద్యం రాగయుక్తంగా చదివేవాడు. రెండేళ్ళ క్రితం మా ఇంటికి వచ్చినప్పుడు, మా మేనమామగారి నుంచి నాకు సంక్రమించిన గ్రామఫోను రికార్డుల్లో ఒకటి వేశాను. కాసేపు విని తల అడ్డంగా ఊపాడు.

"సార్, పాట ఇనొస్తది గని మాట ఇనొస్తలేదు. పాడేటామె నోట్లె బట్ట కుక్కినట్టున్నది."

రికార్డు బాగానే ఉంది. చెడినది చెవి. చెవి పరీక్షకు వెళ్ళమని పట్టుబట్టి పంపాను. వచ్చిన గీతల కాగితం చూపించాడు. మంద్రస్థాయిలో వినికిడి దాదాపు బాగానే ఉంది. నాలుగు వేల హెర్ట్జ్ దగ్గరకు వచ్చేసరికి ఆ గీత బావిలో పడ్డట్టు దిగిపోయింది. యంత్రాల రొదలో పనిచేసినవారి చెవి ఇలాగే దెబ్బతింటుందని, అక్కడే మొదలవుతుందని పరీక్ష చేసినవారు చెప్పారట. ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ దాటరాదని మన దేశంలో నిబంధన ఉంది. 85 దగ్గరే ప్రమాదం మొదలవుతుందని వైద్యులంటారు. నిబంధన కాగితం మీద ఉంటుంది, రేకు మాత్రం అచ్చు మీద పడుతూనే ఉంటుంది.

ఆ కాగితం చూసి నాకు తోచినది వ్యాకరణ పాఠమే. మనవాళ్ళు అచ్చులను ప్రాణములన్నారు, హల్లులను ప్రాణులన్నారు. అచ్చుల బలమంతా కింది స్థాయిలో ఉంటుంది. శ, ష, స లాంటి ఊష్మాల మొనా, త, చ, ప లు విడిపోయేటప్పటి చిన్న చిటుకూ ఉండేది చాలావరకు పై స్థాయిలో. వాడి చెవికి అచ్చులు అందుతున్నాయి, హల్లులు రాలిపోతున్నాయి. అంటే ప్రాణం వినిపిస్తోంది గానీ ప్రాణులు వినిపించడం లేదన్నమాట! పానశాల అన్నా గానశాల అన్నా వాడికి ఒకటే. ఈ మాట నవ్వుతూనే వాడితో అన్నాను. వాడూ నవ్వాడు. నవ్వి, తన మనసులోని మాట బయటపెట్టాడు.

వాడి బావమరిదికి పటాన్‌చెరులో బారు ఉంది. కింద హాలులో నాలుగు టీవీలు, నాలుగు మూలలా నల్లటి స్పీకరు పెట్టెలు. పైన ఖాళీ సీసాల డబ్బాలు పేర్చే గది ఒకటి. పనిమానుకున్నాక వచ్చిన డబ్బులో కొంత పెట్టి ఆ గదిని తాను తీసుకుంటానన్నాడు. "షిఫ్టు దిగినంక మాకు రెండే జాగలున్నయి సార్. ఇల్లు, లేకుంటె బారు. ఇంట్ల ముచ్చట, బార్ల లొల్లి. సప్పుడు లేని జాగ ఒక్కటి గావాలె, పాట ఇనేటందుకు." బెంగుళూరులో ఉద్యోగం చేసే వాడి కూతురు అటువంటి గదికి వాణ్ణి ఒకసారి తీసుకువెళ్ళిందట. చిన్న గది, మంచి స్పీకర్లు, మెల్లటి వెలుతురు, ఎవరూ అరవని మర్యాద. మన దేశపు పెద్ద నగరాల్లో ఈ మధ్య ఇవి వస్తున్నాయట. అది చూసినప్పటి నుంచీ వాడికి ఇదే ధ్యాస.

ఆ గదులకు మూలం జపాను. వాటిని అక్కడ 'జాజ్ కిస్సా' అంటారు. హైదరాబాదు గాలి సోకిన మన చెవికి కిస్సా అంటే కథ అని తోస్తుంది గానీ, అది 'కిస్సాతెన్' అనే జపాను మాటకు పొట్టిరూపం. టీ తాగే అంగడి అని అర్థం. యొకొహామాలో 'చిగుసా' అనే దుకాణాన్ని 1933లో తెరిచారు. టోక్యోలోని షిబుయాలో 'లయన్' అనే మరొకటి 1926 నాటిది. ఇది పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వినే చోటు. యుద్ధంలో కాలిపోతే 1950లో మళ్ళీ కట్టారు. అందులో కుర్చీలన్నీ బడిలో బెంచీల్లాగా ఒకే వైపు, పెద్ద స్పీకర్ల వైపు, తిరిగి ఉంటాయి. గట్టిగా మాట్లాడటం నిషిద్ధం. యుద్ధం తరవాత విదేశీ రికార్డులు, మంచి పాటపెట్టెలు సామాన్యులు కొనలేనంత ఖరీదుగా ఉండేవి. ఒక్క కాఫీ డబ్బులిస్తే వాటిని గంటసేపు వినవచ్చు. పేదరికంలో పుట్టిన ఏర్పాటది, ఇవాళ షోకు అయింది. మా చిన్నప్పుడు పంచాయతీ ఆఫీసు అరుగు మీద రేడియో పెడితే ఊరంతా చుట్టూ చేరి వినేవాళ్ళం. అదీ ఇదీ ఒక్కటే అనిపించింది నాకు.

శిష్యుడు వెళ్ళాక నేను నా పాత పుస్తకాలు దించాను. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడి ప్రకరణం ఉంది. పానాగారం ఎలా ఉండాలో అందులో చెప్పాడు: అనేక గదులుండాలి, పడకలూ ఆసనాలూ వేటికవి విడివిడిగా అమర్చాలి, పరిమళమూ, పూలమాలలూ, నీళ్ళూ ఉండాలి, అన్ని ఋతువుల్లోనూ సుఖంగా ఉండాలి. ఆ గదుల్లో వేగులవాళ్ళు కూడా ఉండాలన్నాడు, అది వేరే సంగతి. మా పర్మిట్ రూములు చూసినవారికి ఈ వర్ణన స్వర్గంలా తోస్తుంది. కానీ కౌటిల్యుడు అక్కడి ధ్వని గురించి పట్టించుకోలేదు.

పట్టించుకున్నవాడు భరతుడు. నాట్యశాస్త్రం రెండో అధ్యాయమంతా నాట్యమండప నిర్మాణమే. మూడు ఆకారాలు చెప్పి, మూడు పరిమాణాలు చెప్పి, మనుషులకు మధ్యమమే తగినదన్నాడు. అంటే అరవైనాలుగు మూరల పొడవు, ముప్పైరెండు మూరల వెడల్పు. మన లెక్కలో 96 అడుగులు, 48 అడుగులు. అంతకంటే పెద్దదైతే మాట అస్పష్టమవుతుందని, ముఖంలోని భావం కనబడదని కారణం కూడా చెప్పాడు. మండపం కొండగుహలా ఉండాలట, కిటికీలు చిన్నవి కావాలట, గాలి కొట్టకూడదట, అప్పుడే వాద్యధ్వనికి గాంభీర్యం వస్తుందట. ఇంత చెప్పినవాణ్ణి కాదని ఇంకెవరి దగ్గరికి వెళ్ళను అనుకున్నాను.

కానీ వెళ్ళక తప్పలేదు. మా గది సిమెంటు గది. ముప్పై అడుగుల పొడవు, పద్ధెనిమిది వెడల్పు, పదకొండు ఎత్తు. నున్నటి గోడలు, కింద టైల్సు. చప్పట్లు కొడితే ఆ శబ్దం నాలుగు గోడలకూ తగిలి, వచ్చిన దారినే మళ్ళీ పోయి, ఎంతకీ చావదు. గోలకొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కొండ మీద బాలాహిస్సార్‌లో వినబడుతుంది. అది కాపలాకు ఉపయోగం, పాటకు కాదు.

ఈ చావని శబ్దాన్ని ప్రతినాదం అంటారు. దాన్ని లెక్కకు కట్టినవాడు వాలెస్ సబైన్ అనే అమెరికా అధ్యాపకుడు. 1895లో హార్వర్డులో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాస మందిరంలో ఎవరేం చెప్పినా అర్థం కావడం లేదు, చూడమన్నారు. ఆయన చుట్టుపక్కల సద్దుమణిగిన రాత్రివేళల్లో, వేరే రంగశాల నుంచి కుర్చీల దిండ్లు మోయించుకొచ్చి, ఆర్గన్ గొట్టం ఊది, అది వినబడకుండా పోయేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో కొలిచాడు. దిండ్లు పెంచుతూ, తగ్గిస్తూ మళ్ళీ మళ్ళీ కొలిచాడు. ఆ తపస్సుకు ఫలంగా ఒక చిన్న సూత్రం దొరికింది. తెరిచిన కిటికీ మీద పడిన శబ్దం తిరిగిరాదు కదా, గదిలోని ప్రతి వస్తువూ ఎన్ని చదరపుటడుగుల తెరిచిన కిటికీకి సమానమో కట్టాలి. గది ఘనపరిమాణాన్ని 0.049తో హెచ్చవేసి, ఆ కిటికీల మొత్తంతో భాగిస్తే, శబ్దం పదిలక్షల వంతుకు తగ్గడానికి పట్టే సెకన్లు వస్తాయి. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలును ఈ లెక్కతోనే కట్టారు.

మేమూ కట్టాం. మా గది 5,940 ఘనపుటడుగులు. గోడలు, కప్పు, నేల అన్నీ కలిపి 2,136 చదరపుటడుగులు. సున్నపు గోడ, టైల్సు నూటికి మూడు వంతులకు మించి శబ్దాన్ని మింగవు. అంటే మొత్తం గది 64 అడుగుల కిటికీ. భాగిస్తే నాలుగున్నర సెకన్లు! ఇలాంటి చిన్న గదిలో పాట బాగా వినాలంటే అర సెకను చాలు. దానికి 580 అడుగుల కిటికీ కావాలి. ఒక మనిషి నాలుగైదు అడుగుల కిటికీకి సమానమట. ఇరవైమంది వస్తే తొంభై. శ్రోతలు గదికి అలంకారమని ఊరికే అనలేదు మరి!

మిగతాదానికి శిష్యుడు చెప్పిన ఉపాయం తెరలు. గోడలన్నిటికీ బట్ట కట్టేస్తే సరి అన్నాడు. ఒక టెంటుహౌసు నుంచి తెరలు తెచ్చి కట్టి చూశాం. చప్పట్ల మోత తగ్గింది. పాట వేస్తే మాత్రం మద్దెల గుమగుమలాడుతోంది, మాట మరీ మూగబోయింది. ఎందుకా అని ఇద్దరం వారంరోజులు తర్కించాం. తేలినదేమిటంటే, పలచటి బట్ట పై స్థాయి శబ్దాలనే మింగుతుంది. కింది స్థాయి శబ్దం దానిలోంచి దూరి, గోడకు తగిలి తిరిగివస్తుంది. అంటే మేము తెరలు కట్టి ఆ గదికి అచ్చంగా నా శిష్యుడి చెవుడే తెప్పించాం! గదికీ వాడికీ అచ్చులే మిగిలాయి.

అక్కడి నుంచి మా పని దారిలో పడింది. ఇక ఏ వస్తువు తెచ్చినా మేము అడిగే ప్రశ్న ఒకటే: ఇది హల్లులను మింగేదా, గుమగుమను మింగేదా? పరిష్కారం పారిశ్రామికవాడలోనే దొరికింది. బాయిలర్ల చుట్టూ కప్పే రాక్‌వూల్ పలకలు ఇక్కడ కావలసినన్ని. రెండంగుళాల మందం పలకలను కప్పుకు కొంచెం ఎడంగా వేలాడదీసి, నూగు రాలకుండా కింద నేతబట్ట బిగించాం. ఆ కప్పు ఒక్కటే నాలుగువందల అడుగుల కిటికీ పని చేసింది. నాలుగున్నర సెకన్లు లెక్కలో ఆరున్నర పదోవంతులకు దిగింది. మెదక్ చర్చి కప్పులో కూడా ధ్వని అదుపు కోసం బోలు స్పంజిలాంటి పదార్థం వాడారని చెబుతారు. 1924లో ప్రతిష్ఠ చేసిన కట్టడమది. మన జిల్లా వాళ్ళకు కప్పు రహస్యం ఎప్పుడో తెలుసన్నమాట.

గోడలకు గొంగళ్ళు. మన కురుమలు దక్కనీ గొర్రెల ఉన్నితో నేసే నల్ల గొంగడి మందంగా ఉంటుంది. దాన్ని గోడకు అంటించకుండా జానెడు ఎడంగా వేలాడదీస్తే ఇంకాస్త కింది స్థాయిని కూడా పట్టుకుంటుంది. అదీ శ్రోతల వెనక గోడకూ, పక్క గోడల్లో సగానికీ మాత్రమే. మిగతా గోడలకు అరలు కట్టి రికార్డులు, పుస్తకాలు ఎగుడుదిగుడుగా పేర్చాం. శబ్దాన్ని చంపకుండా చెదరగొట్టడానికి అవి. మూలల్లో గుమగుమ గూడు కట్టుకుంటుంది గనక నాలుగు మూలలా రాక్‌వూల్ స్తంభాలు నిలిపాం. ఎదురుగా స్పీకర్లు రెండే. గోడకు ఆనించకుండా ముందుకు జరిపి, కూర్చున్నవాడి చెవి ఎత్తున పెట్టాం.

ఇవన్నీ అయ్యాక తెలిసింది, బారుకు తనదైన రొద ఒకటుంటుందని. ఫ్రిజ్ గురగుర, ఐసు కొట్టే చప్పుడు, నాపరాయి బల్ల మీద గ్లాసు, ఈడ్చే కుర్చీ. ఫ్రిజ్‌ను మెట్ల కిందికి దింపాం. ఐసు కిందనే కొట్టి ఫ్లాస్కులో పైకి తెస్తారు. బల్లల మీద మందపు గుడ్డ, కుర్చీ కాళ్ళకు పాత సైకిలు ట్యూబు ముక్కలు. రహదారి వైపు కిటికీకి లోపల మరో అద్దం, మెట్ల దగ్గర ఒకటి తరవాత ఒకటిగా రెండు తలుపులు. గిరాకీ కౌంటరును శ్రోతల వెనక పెట్టాం. ఏదైనా కావలసినవాడు చెయ్యెత్తితే చాలు. దీపాలు మనిషి మొహానికి కాకుండా బల్లకు అందేటంత ఎత్తులో. చిన్న కిటికీలు, గాలి కొట్టని గది, గుహ లాంటి ఆకారం... చివరికి భరతుడి దగ్గరికే వచ్చాం!

ఇక బావమరిది. మనిషి చెడ్డవాడు కాడు, వ్యాపారి. "సార్ సాబ్, పాట జోరుగుంటె ముచ్చట బందైతది. ముచ్చట బందైతే చెయ్యి గ్లాసు మీదికి వోతది. గిది మా ధంద. మీరు సప్పుడు తగ్గించి నా గిరాకి తగ్గిస్తున్నరు," అన్నాడు. కింద హాలులోని హోరు అలంకారానికి కాదు, అమ్మకానికని అప్పుడు బోధపడింది. ఆ రొదలో కూర్చునేది ఎవరు? పొద్దంతా యంత్రాల రొదలో ఉన్నవాళ్ళే. ఒక రొదకు చెవి అమ్ముకుని, ఆ డబ్బుతో ఇంకో రొదను కొనుక్కుంటున్నారు.

నాకూ ఒక ఇరకాటం ఉంది, దాచుకోను. తాగుడు వల్ల చదువు మానేసిన పిల్లలను ఎంతోమందిని చూశాను. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు సారాకు ఎదురు తిరిగినప్పుడు, 1995లో రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చినప్పుడు సంతోషించినవాణ్ణి. 1997లో అది పోయినప్పుడు బాధపడ్డవాణ్ణి. "గుడి కట్టే శిష్యుడు ఒక్కడూ దొరకలేదా మీకు?" అని మా ఆవిడ అననే అంది. అందుకే ఒక షరతు పెట్టాను. పైగదిలో టీ, మజ్జిగ, సోడా కూడా దొరకాలి, అవి మాత్రమే తాగేవాణ్ణి ఎవరూ లేవమనకూడదు. శిష్యుడు మారు మాట లేకుండా ఒప్పుకున్నాడు. బావమరిది ఒప్పుకోవడానికి పక్షం పట్టింది. నా ఇరకాటం దీనితో తీరిందనను. నవవిధ భక్తుల్లో శ్రవణాన్ని మొదట చెప్పారు. ఆ మొదటి మెట్టు కూడా దక్కని మనుషులు మా ఊళ్ళో వేలమంది ఉన్నారు. వాళ్ళు ఎక్కడ కూర్చుంటారో అక్కడే మెట్టు కట్టాలి కదా అన్నది నా సమాధానం.

గది తయారయ్యాక మొదటి సాయంత్రం బయటివాళ్ళను పిలవలేదు. వాడు చెవి యంత్రం పెట్టుకుని వచ్చాడు. కింది హాలులో ఆ యంత్రం అన్ని చప్పుళ్ళనూ కలిపి పెంచుతుంది గనక జేబులోనే ఉంచుకునేవాడు. రావు బాలసరస్వతీదేవిగారి రికార్డు ఒకటి వేశాను. 78 వేగపు రికార్డు, మూడు నిమిషాల పైన కొంచెం. ఆమె గొంతు ఎంత మెత్తనిదో మీకు తెలుసు. అలవాటు కొద్దీ వాల్యూమ్ ఎక్కువగానే పెట్టాను. సగం పాటలో వాడు లేచాడు. వినబడటం లేదేమో, పెంచుతాడనుకున్నాను. తగ్గించి వచ్చి కూర్చున్నాడు.

ఆ గది వాడి చెవిని బాగుచేయలేదు. పోయిన వినికిడి పోయినదే, అది తిరిగిరాదు. ఉన్నదాన్ని పోనీయకుండా చూసుకోవడమే మిగిలింది. వారానికి నలభై గంటలు విన్నా 80 డెసిబెల్స్ దాటకపోతే చెవికి భయం లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతోంది. మా గదిలో ముల్లు డెబ్బైఐదు దాటకుండా గీత గీసి పెట్టాం. ప్రస్తుతం బుధ, శనివారాల్లో పాటలు నడుస్తున్నాయి. పదిమంది వస్తారు, ఒక్కోసారి నలుగురే. ఒడిశా నుంచి వచ్చిన వెల్డరు ఒకతను మాట అర్థం కాకపోయినా ప్రతి శనివారం వచ్చి మజ్జిగ తాగి వెళతాడు. బావమరిది దసరా దాకా గడువిచ్చాడు. లెక్క కలవకపోతే సీసాల డబ్బాలు మళ్ళీ పైకి ఎక్కుతాయన్నాడు. కలుస్తుందో లేదో నేను చెప్పలేను.

ఈలోగా మీతో పని ఉంది మిత్రులారా. ఘంటసాల, సాలూరి రాజేశ్వరరావు, మన హైదరాబాదు విఠల్‌రావు గజళ్ళు... ఇవి మా అరల్లో ఉన్నాయి. హల్లులు స్పష్టంగా, ఒక్కొక్కటీ ఏరి పెట్టినట్టు పలికిన గాయనీగాయకులు ఇంకా ఎవరెవరో, ఏ పాటలో, మీకు తోచినవి రాయండి. వాడికి చదివి వినిపిస్తాను, ఆ గదిలోనే.